విదేశీ రిటైర్‌మెంట్ పొదుపు ఉపసంహరణ: అమెరికా నుంచి తిరిగివచ్చినవారి పన్ను ప్రణాళిక

ఒక దేశంలో ఉద్యోగం చేసినంత కాలం వృద్ధాప్యానికని కూడబెట్టిన నిధిని, ఆ దేశం విడిచి మరో దేశంలో స్థిరపడ్డాక వెనక్కి తీసుకోబోతే, ఒకే సొమ్ము మీద రెండు ప్రభుత్వాలు హక్కు చెప్పుకుంటాయి. సొమ్ము పుట్టిన చోటు తనది కనుక పన్ను తనకు రావాలని మొదటి దేశం అంటుంది. మనిషి ఇప్పుడు నివసిస్తున్నది తన గడ్డ మీద కనుక ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా తన లెక్కలోకి రావాలని రెండో దేశం అంటుంది. మొదటిదాన్ని మూలస్థాన దేశమనీ, రెండోదాన్ని నివాస దేశమనీ పన్నుల శాస్త్రం వ్యవహరిస్తుంది. రెండు చట్టాలనూ, వాటి మధ్య కుదిరిన ఒప్పందాన్నీ కలిపి చదివి, ఏ ఖాతా నుంచి ఏ సంవత్సరంలో ఎంత తీయాలో ముందే నిర్ణయించుకోవడాన్ని సరిహద్దులు దాటిన పన్ను ప్రణాళిక అంటారు. హెచ్-1బి వీసా మీద వెళ్లి పదీ పదిహేనేళ్లు పనిచేసి హైదరాబాద్‌కో, విజయవాడకో, విశాఖపట్నానికో తిరిగివచ్చే తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్న ఎక్కువగా అమెరికా ఖాతాల విషయంలోనే ఎదురవుతుంది కనుక ఈ వ్యాసం ప్రధానంగా అమెరికా, భారతదేశాల మధ్య ఉన్న ఏర్పాటును వివరిస్తుంది.

ఖాతాల స్వరూపం

అమెరికాలో వ్యక్తిగత రిటైర్‌మెంట్ ఖాతా, అంటే ఐఆర్‌ఏ, 1974లో వచ్చిన ఎరిసా చట్టంతో పుట్టింది. యజమాని ద్వారా నడిచే 401(కె) పథకానికి ఆ పేరు అమెరికా ఆదాయపు పన్ను స్మృతిలోని ఒక ఉపవిభాగం సంఖ్య నుంచి వచ్చింది. ఆ ఉపవిభాగాన్ని 1978 నాటి రెవెన్యూ చట్టం చేర్చింది. ఉద్యోగి తన జీతంలో కొంత భాగాన్ని పన్ను పడకముందే ఇందులో జమచేస్తాడు, యజమాని కూడా తన వంతు కలుపుతాడు, ఆ సొమ్ము షేర్లలోనూ బాండ్లలోనూ పెరుగుతున్నంత కాలం పన్ను ఉండదు, తీసినప్పుడు మాత్రం తీసిన మొత్తమంతా ఆ ఏటి ఆదాయంగా లెక్కకు వస్తుంది. 2025లో ఉద్యోగి జమచేయగల వార్షిక పరిమితి 23,500 డాలర్లు. యాభై నిండినవారికి ఇంకొంత అదనం ఉంది. సెనేటర్ విలియం రోత్ పేరు మీద 1998 నుంచి అమల్లోకి వచ్చిన రోత్ ఖాతా దీనికి తలకిందులుగా నడుస్తుంది: పన్ను కట్టిన తరవాతి సొమ్మే అందులోకి వెళుతుంది, షరతులు నెరవేరితే పెరిగిన లాభంతో సహా పన్ను లేకుండా బయటికి వస్తుంది.

ఉద్యోగం మానేసినంత మాత్రాన 401(కె) మూతపడదు. నిల్వ 7,000 డాలర్లకు మించి ఉంటే పథకంలోనే వదిలిపెట్టవచ్చు. అంతకన్నా తక్కువైతే నిర్వాహకులు సభ్యుడి అనుమతి లేకుండానే దాన్ని ఐఆర్‌ఏలోకి మళ్లించడానికో, మరీ చిన్నదైతే చెక్కు పంపేయడానికో చట్టం వీలిస్తుంది. విదేశీ చిరునామా ఉన్నవారికి కొత్త లావాదేవీలు అనుమతించని బ్రోకరేజీ సంస్థలూ ఉన్నాయి కనుక, ఖాతాను ఎక్కడ ఉంచాలన్న నిర్ణయం విమానం ఎక్కకముందే తీసుకోవలసినది.

అమెరికా వైపు పన్ను

మూలస్థాన దేశంగా అమెరికా విధించే భారానికి రెండు పొరలు ఉన్నాయి. మొదటిది వయసుతో ముడిపడినది. 59 ఏళ్ల ఆరు నెలలు నిండకముందు సొమ్ము తీస్తే మామూలు పన్నుకు తోడు మరో 10 శాతం అదనపు పన్ను పడుతుంది. జనం దీన్ని పెనాల్టీ అంటారు. వైకల్యం, మరణం వంటి సందర్భాల్లో ఇది వర్తించదు. 55వ ఏట గానీ ఆ తరవాత గానీ ఉద్యోగం వదిలినవారికి ఆ యజమాని పథకం నుంచి తీసే సొమ్ముపై దీని బెడద లేదు, కానీ అదే సొమ్మును ఐఆర్‌ఏలోకి మార్చుకుంటే ఆ మినహాయింపు చేజారిపోతుంది. ఆయుర్దాయపు లెక్క ప్రకారం ఏటా ఇంచుమించు సమానమైన వాయిదాలుగా కనీసం ఐదేళ్లో, 59 ఏళ్ల ఆరు నెలలు నిండేదాకానో, ఏది ఎక్కువైతే అంతకాలం తీసుకునే పద్ధతి కూడా ఈ అదనపు పన్ను నుంచి తప్పిస్తుంది. మధ్యలో వాయిదా మార్చితే మాత్రం గతంలో తప్పించుకున్నదంతా వడ్డీతో తిరిగి కట్టవలసి వస్తుంది. మరోవైపు, ఎప్పటికీ తీయకుండా ఉంచడానికి కూడా వీల్లేదు: 73 ఏళ్ల నుంచి ఏటా కొంత కనీస మొత్తం తీసి తీరాలి, 1960లోనూ ఆ తరవాతా పుట్టినవారికి ఆ వయసు 75.

రెండో పొర నివాస హోదాకు సంబంధించినది. అమెరికా పౌరుడు గానీ గ్రీన్ కార్డుదారు గానీ కానివాడు దేశం విడిచి, రోజుల లెక్కతో తేల్చే నివాస పరీక్షకు లోబడని స్థితికి చేరగానే పన్ను చట్టం దృష్టిలో అనివాసి అవుతాడు. అనివాసికి చెల్లించే మొత్తంలో 30 శాతాన్ని ముందుగానే మినహాయించి ప్రభుత్వానికి జమచేయడం నిధి నిర్వాహకుల బాధ్యత. చాలామంది ఆ 30 శాతమే అంతిమ పన్ను అనుకుని వదిలేస్తారు. నిజానికి అమెరికాలో చేసిన ఉద్యోగానికి ఫలితంగా వచ్చే పింఛను సొమ్మును అక్కడి చట్టం అనివాసి చేతిలో కూడా ఆ దేశపు వృత్తి వ్యాపారంతో ముడిపడిన ఆదాయంగా పరిగణిస్తుంది. అలాంటి ఆదాయానికి నిర్ణీత రేటు కాక మామూలు శ్లాబులు వర్తిస్తాయి. 1040-ఎన్‌ఆర్ అనే అనివాసి రిటర్ను దాఖలు చేస్తే ముందుగా కోసిన దానికీ అసలు పన్నుకూ ఉన్న తేడా వాపసు వస్తుంది. నిధిలో కాలక్రమాన పెరిగిన లాభాల భాగానికి ఇదే సూత్రం అన్వయించాలా, నిర్ణీత 30 శాతమే పడాలా అన్న విషయంలో నిపుణుల్లో భేదాభిప్రాయం ఉంది. చందాల భాగం విషయంలో మాత్రం శ్లాబుల పద్ధతి స్థిరమైనది.

ఈ తేడా చిన్నదేమీ కాదు. మరే అమెరికా ఆదాయమూ లేని అనివాసి 2025లో 48,000 డాలర్లు తీశాడనుకుంటే, నిర్ణీత రేటు ప్రకారం పన్ను 14,400 డాలర్లు. మొత్తానికీ శ్లాబులే వర్తిస్తే మొదటి 11,925 డాలర్లపై 10 శాతం, మిగతా దానిపై 12 శాతం చొప్పున 5,521 డాలర్ల 50 సెంట్లతో సరిపోతుంది. వయసు చాలకపోతే మరో 4,800 డాలర్లు చేరినా మొత్తం భారం 22 శాతం లోపే ఉంటుంది. అనివాసికి ప్రామాణిక తగ్గింపు ఉండదు, దంపతులు కలిసి రిటర్ను వేసే వీలూ ఉండదు; ఆ రెండూ లేకపోయినా శ్లాబులే మేలు. కాబట్టి నాలుగు లక్షల డాలర్లు ఒక్క ఏడాదిలో తీసి పై శ్లాబుల్లోకి వెళ్లడం కన్నా ఏటా కొంత చొప్పున విడదీసి తీయడం చవక అన్నది ఈ లెక్కలోంచి సహజంగానే వస్తుంది.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ వంటి చోట్ల పనిచేసినవారు రాష్ట్ర పన్ను గురించి కూడా అడుగుతారు. ఒక రాష్ట్రంలో నివసించనివారి రిటైర్‌మెంట్ ఆదాయంపై ఆ రాష్ట్రం పన్ను విధించరాదని 1996లో వచ్చిన సమాఖ్య చట్టం నిషేధించింది కనుక ఆ చింత అక్కర్లేదు.

ఒప్పందం చెప్పేది

భారత్, అమెరికాల మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం మీద 1989 సెప్టెంబరు 12న న్యూఢిల్లీలో సంతకాలు జరిగాయి. అది 1990 డిసెంబరు 18న అమల్లోకి వచ్చింది. అందులోని 20వ అధికరణం ప్రైవేటు పింఛన్ల గురించి చెబుతూ, ఒక దేశపు నివాసికి మరో దేశం నుంచి వచ్చే పింఛను మీద నివాస దేశానికి మాత్రమే పన్ను హక్కు ఇస్తుంది. ఇంతవరకే చదివినవారు భారత నివాసికి అమెరికాలో పైసా పన్ను లేదనే నిర్ణయానికి వస్తారు. అయితే అదే అధికరణం పింఛనును నిర్వచిస్తూ, గతంలో చేసిన సేవలకు ప్రతిఫలంగా క్రమానుగతంగా జరిగే చెల్లింపు అని అంటుంది. నెలనెలా, ఏటేటా వచ్చే వాయిదా ఈ నిర్వచనంలో ఇముడుతుంది. ఖాతా మొత్తాన్ని ఒకేసారి ఖాళీచేస్తే అది క్రమానుగతం ఎలా అవుతుంది? ఏకమొత్తం ఇతర ఆదాయాల అధికరణం కిందికి వెళుతుందన్న వాదన బలమైనది. 23వదైన ఆ అధికరణం మూలస్థాన దేశానికి కూడా పన్ను హక్కు మిగిల్చింది. తీసే సొమ్ము అదే అయినా, తీసే తీరును బట్టి దాని పేరు మారుతుంది, పేరుతో పాటు పన్ను వసూలు చేసే దేశమూ మారవచ్చు.

ఒప్పందపు లబ్ధి అడగదలచినవారు నిధి నిర్వాహకులకు డబ్ల్యూ-8బెన్ అనే ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి, తాము భారత నివాసులమని భారత ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే పత్రాన్ని కూడా దగ్గర ఉంచుకోవడం మంచిది. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. తన పౌరులపై ఒప్పందం లేనట్టుగానే పన్ను విధించే హక్కును అమెరికా మొదటి అధికరణంలోనే అట్టిపెట్టుకుంది.

సోషల్ సెక్యూరిటీ పింఛను దీనికి పూర్తిగా భిన్నం. దాని మీద చెల్లించే దేశానికే పన్ను హక్కు ఉంటుందని 20వ అధికరణమే చెబుతుంది. సుమారు పదేళ్ల పనికి సమానమైన 40 క్రెడిట్లు పూర్తయితేనే ఆ పింఛనుకు అర్హత వస్తుంది. సేవాకాలాలను కలిపి లెక్కించే ఒప్పందం భారత్, అమెరికాల మధ్య లేనందువల్ల, ఏడెనిమిదేళ్లు పనిచేసి వచ్చినవారి జీతంలోంచి పోయిన సోషల్ సెక్యూరిటీ చందా పోయినట్టే. హెచ్-1బి ఉద్యోగుల చిరకాలపు ఫిర్యాదుల్లో ఇదొకటి, అందులో న్యాయం ఉంది.

భారతదేశంలో నివాస హోదా

భారత పన్ను చట్టం మనిషిని మూడు తరగతులుగా చూస్తుంది: అనివాసి, సాధారణ నివాసి, ఈ రెంటికీ మధ్య నివాసి అయినా సాధారణ నివాసి కానివాడు. మూడో తరగతిని ఆడిటర్ల భాషలో ఆర్‌ఎన్‌ఓఆర్ అంటారు. ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉంటే నివాసి అవుతాడన్నది ప్రధాన సూత్రం. 60 రోజుల ఉనికితో పాటు గత నాలుగేళ్లలో 365 రోజులు దేశంలో గడిపినా నివాసే, కానీ ఏళ్ల తరబడి విదేశంలో ఉన్నవారికి ఆ 365 రోజులు సాధారణంగా నిండవు. నివాసి అయినవాడు గత పది సంవత్సరాల్లో తొమ్మిదింట అనివాసిగా ఉన్నా, గత ఏడు సంవత్సరాల్లో మొత్తం 729 రోజులకు మించి దేశంలో లేకపోయినా, ఆర్‌ఎన్‌ఓఆర్‌గా మిగులుతాడు. ఈ హోదాలో ఉన్నంత కాలం, భారత్ నుంచి నడిపే వ్యాపారం వల్లనో ఇక్కడ నెలకొల్పిన వృత్తి వల్లనో రాని విదేశీ ఆదాయంపై ఇక్కడ పన్ను లేదు. సొమ్ము నేరుగా భారత బ్యాంకులో జమ అయితే ఇక్కడే అందిన ఆదాయం అన్న చిక్కు వస్తుంది కనుక, ముందు విదేశీ ఖాతాలో తీసుకుని ఆ తరవాత ఇక్కడికి పంపుకోవడం జాగ్రత్తపరుల అలవాటు.

ఈ సూత్రాలను క్యాలెండరు మీద పెట్టి చూస్తేనే ప్రణాళిక అసలు రూపం తెలుస్తుంది. పన్నెండేళ్లుగా అనివాసిగా ఉన్న ఇంజినీరు 2025 అక్టోబరు 2న శాశ్వతంగా హైదరాబాద్‌లో దిగాడనుకుందాం. ఆ రోజు నుంచి మార్చి 31 దాకా 181 రోజులు. అదే ఆర్థిక సంవత్సరంలో అంతకుముందు సెలవులకు వచ్చి ఉండకపోతే 182 నిండవు, ఆ సంవత్సరం అతడు అనివాసే. ఒక్క రోజు ముందు దిగితే నివాసి అయ్యేవాడు. తరవాతి సంవత్సరం, 2026-27లో నివాసి అవుతాడు, కానీ గత పదింట పదీ అనివాస సంవత్సరాలే కనుక ఆర్‌ఎన్‌ఓఆర్. 2027-28లో గత పదింట తొమ్మిది, అప్పుడూ ఆర్‌ఎన్‌ఓఆర్. 2028 ఏప్రిల్ 1న సాధారణ నివాసి అయి, ప్రపంచవ్యాప్త ఆదాయానికి బాధ్యుడవుతాడు. జూన్‌లో వచ్చినవారికి ఆ మొదటి సంవత్సరమే ఆర్‌ఎన్‌ఓఆర్‌గా లెక్కకు వస్తుంది. పాత సెలవుల రోజులు తక్కువైతే 729 రోజుల సూత్రం వల్ల మూడో ఏడు కూడా దక్కవచ్చు. అందుకే పాత పాస్‌పోర్టుల్లోని ముద్రలు పారేయకూడదు.

ఇందులో తరచుగా గమనించని వెసులుబాటు ఒకటి ఉంది. భారత పన్ను సంవత్సరం ఏప్రిల్‌లో మొదలైతే అమెరికాది జనవరిలో మొదలవుతుంది. పై ఇంజినీరుకు భారత్‌లో విదేశీ ఆదాయపు పన్ను లేని కాలం 2028 మార్చి 31 దాకా సాగుతుంది కనుక, ఆ కాలంలోకి అమెరికా క్యాలెండరు ప్రకారం 2026, 2027 సంవత్సరాలు పూర్తిగానూ, 2028 మొదటి మూడు నెలలూ వస్తాయి. అంటే కింది శ్లాబులను మూడుసార్లు వాడుకోవచ్చు. దిగిన 2025లోనే తొందరపడి తీస్తే, ఆ ఏడాది అమెరికాలో తొమ్మిది నెలల జీతం ముందే ఉంది కనుక, ఉపసంహరణ వెళ్లి పై శ్లాబు మీద కూర్చుంటుంది. అదే 48,000 డాలర్లను సాధారణ నివాసి అయ్యాక తీస్తే రూపాయల్లో అది 40 లక్షలు దాటుతుంది, ఆ సొమ్ము పన్నుకు లోబడినంత మేరా భారత్‌లో 30 శాతం శ్లాబును తాకుతుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 24 లక్షల పైన 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, 50 లక్షలు దాటితే సర్‌చార్జి.

దీన్ని బట్టి అందరూ ఆర్‌ఎన్‌ఓఆర్ కాలంలోనే ఖాతా ఖాళీ చేయాలని తేల్చడం పొరపాటు. నలభై ఏళ్ల మనిషి 10 శాతం అదనపు పన్ను కట్టి, ఇంకా ఇరవై ఏళ్లు పన్ను లేకుండా డాలర్లలో పెరగగల నిధిని పగలగొట్టడం కన్నా 59 ఏళ్ల ఆరు నెలలు నిండేదాకా ఆగడం మేలు కావచ్చు. ఆ వయసు దాటి వచ్చినవారికి మాత్రం ఈ రెండు మూడేళ్ల వ్యవధి చాలా విలువైనది. ఇక ఆర్‌ఎన్‌ఓఆర్‌గా ఉంటూనే 20వ అధికరణం చూపి అమెరికా పన్ను కూడా లేకుండా చేసుకోవాలని కొందరు ఆశపడతారు. సొంత దేశంలోని ఆదాయానికి మాత్రమే పన్ను కట్టేవాడు ఒప్పందం దృష్టిలో నివాసి అవుతాడా అన్నది వివాదాస్పదం. రెండు దేశాల్లోనూ పన్ను లేకుండా పోయే మార్గం కనిపించినప్పుడు రెండు దేశాల అధికారులూ దాన్ని గమనిస్తారని అనుకోవడమే వివేకం.

89ఎ సెక్షన్

సాధారణ నివాసి అయ్యాక కూడా ఖాతా అమెరికాలోనే ఉంచినవారికి ఒకప్పుడు ఎదురైన చిక్కు విచిత్రమైనది. నిధిలో ఏటా చేరే డివిడెండ్లు, లాభాలు సమకూరిన ఏడాదే ఆదాయమని భారత చట్టం అంటుంది. తీసిన ఏడాదే ఆదాయమని అమెరికా చట్టం అంటుంది. ఇక్కడ పన్ను కట్టే ఏడాది అక్కడ కట్టిన పన్ను ఏమీ లేదు కనుక మినహాయించుకోవడానికి ఏమీ ఉండదు. పాతికేళ్ల తరవాత అక్కడ కట్టే ఏడాది ఇక్కడ ఆ ఆదాయం లెక్కలోనే ఉండదు. ద్వంద్వ పన్నును నివారించే ఒప్పందం ఉండి కూడా కాలవ్యత్యాసం వల్ల రెండుసార్లు పన్ను పడేది. ఈ ఇబ్బందిని తొలగిస్తామని 2021 ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. ఆ ఏటి ఆర్థిక చట్టం ద్వారా ఆదాయపు పన్ను చట్టంలో 89ఎ సెక్షన్ చేరింది. 2022 ఏప్రిల్‌లో దానికి సంబంధించిన 21ఎఎఎ నిబంధనా, 10-ఈఈ అనే ఫారమూ, వర్తించే దేశాల జాబితా వెలువడ్డాయి. ఆ జాబితాలో ఉన్నవి మూడే: అమెరికా, కెనడా, బ్రిటన్.

అనివాసిగా ఉన్న కాలంలో, ఖాతా ఉన్న దేశంలోనే నివసిస్తూ తెరిచిన రిటైర్‌మెంట్ ఖాతాకు ఈ సెక్షన్ వర్తిస్తుంది. ఐచ్ఛికం ఎంచుకున్నవారికి ఆ ఖాతాలో సమకూరే ఆదాయంపై ఏటా పన్ను ఉండదు, ఆ దేశంలో ఎప్పుడు పన్ను పడితే భారత్‌లోనూ అప్పుడే పడుతుంది, కాబట్టి అక్కడ కట్టినదాన్ని ఇక్కడ జమ అడగవచ్చు. అనివాసిగానో ఆర్‌ఎన్‌ఓఆర్‌గానో ఉన్న సంవత్సరాల్లో సమకూరి, అందువల్ల భారత్‌లో పన్నుకు లోబడని ఆదాయాన్ని తీసే ఏడాది లెక్కలోంచి మినహాయించాలని నిబంధన స్పష్టంగా చెబుతుంది. ఈ ఒక్క వాక్యం విలువ లక్షల్లో ఉంటుంది. ఆర్‌ఎన్‌ఓఆర్ కాలపు చివరి రోజున ఖాతాలో ఎంత నిల్వ ఉందో చూపే స్టేట్‌మెంటు దాచుకున్నవారే దాన్ని నిరూపించుకోగలరు.

షరతులు కూడా గట్టివే. రిటర్ను గడువులోగా ఫారం వేయాలి. ఒకసారి ఎంచుకున్నాక వెనక్కి తీసుకునే వీల్లేదు. ఆ తరవాత మనిషి మళ్లీ విదేశానికి వెళ్లి అనివాసి అయితే ఐచ్ఛికం అసలు ఎంచుకోనట్టే భావించి, వాయిదా పడిన ఆదాయానికంతటికీ పన్ను కట్టించుకుంటారు. తిరిగివచ్చి నాలుగేళ్లకు పిల్లల చదువు కోసమో ఉద్యోగం కోసమో మళ్లీ వెళ్లిపోయే కుటుంబాలు తక్కువేమీ కావు కనుక, ఈ చివరి షరతును తేలిగ్గా తీసుకోకూడదు. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల సంఖ్యలు మారినా, ఈ ఉపశమనం అందులోనూ కొనసాగింది. ఆచరణలో ఇంకా 89ఎ అనే పేరే వినబడుతుంది.

రోత్ ఖాతా ఈ ఏర్పాటులో సరిగ్గా ఇమడదు. సమకూరినప్పుడు కాక తీసినప్పుడు పన్ను పడే ఖాతా అని సెక్షన్ నిర్వచనం అడుగుతుంది. రోత్‌కు అమెరికాలో తీసినప్పుడు కూడా పన్ను ఉండదు. అందువల్ల అక్కడ అత్యుత్తమంగా ఎంచే ఖాతాయే ఇక్కడ సాధారణ నివాసి చేతిలో ఏటేటా పన్ను పడే మామూలు పెట్టుబడిగా మారే ప్రమాదం ఉంది. అమెరికా సలహాదారు మాట విని ప్రయాణానికి ముందు 401(కె)ని రోత్‌గా మార్చుకుని, పెద్ద మొత్తం పన్ను అక్కడ కట్టి వచ్చినవారికి ఇది చేదు వార్త. రోత్‌లో తాము స్వయంగా జమచేసిన అసలును ఏ వయసులోనైనా అమెరికాలో పన్ను లేకుండా తీసుకోవచ్చు కనుక, నష్టాన్ని కొంత తగ్గించుకోవచ్చు.

విదేశంలో కట్టిన పన్నును భారత్‌లో జమ పొందడానికి 1961 చట్టం కింద 128వ నిబంధన, ఫారం 67 ఉండేవి. జమ అనేది అక్కడ కట్టిన పన్ను, అదే ఆదాయంపై ఇక్కడ పడే పన్ను, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతవరకే. సాధారణ నివాసి తన విదేశీ ఖాతాలన్నిటినీ రిటర్నులోని విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల రూపాయల జరిమానా పడే అవకాశం ఉంది. స్థిరాస్తి కాకుండా మొత్తం 20 లక్షలకు మించని ఆస్తులకు 2024 అక్టోబరు నుంచి దాన్ని సడలించారు. విదేశంలో నివసించినప్పుడు సంపాదించిన ఆస్తిని తిరిగివచ్చాక కూడా అక్కడే ఉంచుకునే హక్కును విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం, ఫెమా, 6వ సెక్షన్‌లో ఇచ్చింది.

గ్రీన్ కార్డు వదులుకునేవారు

గ్రీన్ కార్డుదారు హైదరాబాద్‌కు వచ్చేసినా, కార్డును అధికారికంగా వదులుకునేదాకా అమెరికా పన్ను నివాసే. గత పదిహేను పన్ను సంవత్సరాల్లో ఎనిమిదింట కార్డు ఉన్నవారిని చట్టం దీర్ఘకాల నివాసులుగా చూస్తుంది, వారు దాన్ని వదులుకున్నప్పుడు 2008లో వచ్చిన నిష్క్రమణ పన్ను నిబంధనలు ముందుకొస్తాయి. నికర ఆస్తి 20 లక్షల డాలర్లు గానీ అంతకు మించి గానీ ఉన్నా, గత ఐదేళ్ల సగటు ఆదాయపు పన్ను నిర్ణీత పరిమితిని దాటినా, ఐదేళ్లూ పన్ను బాధ్యతలు సక్రమంగా తీర్చినట్టు ధ్రువీకరించలేకపోయినా ఆ పన్ను పరిధిలోకి వస్తారు. 2025లో ఆ సగటు పన్ను పరిమితి 2,06,000 డాలర్లు.

ఈ పరిధిలోకి వచ్చినవారి విషయంలో 401(కె)కీ ఐఆర్‌ఏకీ మధ్య పెద్ద అగాధం ఉంది. నిష్క్రమణకు ముందు రోజున ఐఆర్‌ఏ మొత్తం చేతికి వచ్చేసినట్టే లెక్కగట్టి దానంతటి మీదా ఒకేసారి పన్ను వేస్తారు, అదృష్టవశాత్తూ 10 శాతం అదనపు పన్ను మాత్రం ఉండదు. 401(కె)ని అలా పగలగొట్టరు: 30 రోజుల్లోగా డబ్ల్యూ-8సిఇ పత్రం నిర్వాహకులకు ఇస్తే, తీసినప్పుడల్లా 30 శాతం కోతతో సరిపెడతారు, దానికి బదులుగా ఒప్పందపు రాయితీ హక్కును వదులుకోవాలి. ఉద్యోగం మానగానే పాత 401(కె)ని ఐఆర్‌ఏలోకి మార్చుకోవడం అమెరికాలో అందరూ ఇచ్చే సలహా. కార్డు వదులుకోబోయే సంపన్నుడికి అదే సలహా చాలా ఖరీదైన పొరపాటుగా పరిణమిస్తుంది. ఎనిమిదో పన్ను సంవత్సరం మొదలవకముందే కార్డు వదులుకుంటే ఈ చిక్కంతా ఉండదు.

ఇతర దేశాలు

కెనడా రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా అయిన ఆర్‌ఆర్‌ఎస్‌పి నుంచి అనివాసి ఏకమొత్తంగా తీస్తే అక్కడ 25 శాతం మినహాయిస్తారు. ఆస్ట్రేలియా దారి వేరు: తాత్కాలిక వీసా మీద పనిచేసి వెళ్లిపోయినవారు సూపర్‌యాన్యుయేషన్ నిధిని వెంటనే తీసుకోవచ్చు, కానీ పన్ను పడే భాగంపై సాధారణంగా 35 శాతం కోత ఉంటుంది, శాశ్వత నివాసులకూ పౌరులకూ దేశం విడిచినా ఆ వీలు లేదు, అరవై ఏళ్ల వయసు దాకా ఆగాల్సిందే. పైగా ఆస్ట్రేలియా 89ఎ జాబితాలో లేదు. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచీ కోనసీమ నుంచీ గల్ఫ్‌కు వెళ్లి వచ్చే కార్మికుల చేతికి అందేది సేవాంత గ్రాట్యుటీ. ఆ దేశాల్లో జీతంపై ఆదాయపు పన్నే లేనందువల్ల వారికి ఈ వ్యాసంలోని చిక్కులు చాలావరకు ఎదురుకావు.

ఖాతాదారు మరణిస్తే

బతికి ఉండగా తీయని సొమ్ముపై ఇంకో పన్ను పొంచి ఉంటుంది. అమెరికాలో నివసించని విదేశీయుడు మరణించినప్పుడు అక్కడి ఆస్తి విలువ 60,000 డాలర్లు దాటితే వారసత్వ పన్ను రిటర్ను వేయాలి, పన్ను రేటు క్రమంగా 40 శాతం దాకా వెళుతుంది. 401(కె), ఐఆర్‌ఏ ఖాతాలు అక్కడి ఆస్తి కిందికే వస్తాయి. భారత్ 1985లోనే ఎస్టేట్ డ్యూటీని ఎత్తివేసింది, వారసత్వ పన్ను విషయంలో రెండు దేశాల మధ్య ఒప్పందమూ లేదు, కాబట్టి అక్కడ కట్టినదానికి ఇక్కడ జమ అడిగే చోటే లేదు. దీనికి తోడు, నామినీగా ఉన్న భార్య గానీ పిల్లలు గానీ ఆ సొమ్ము తీసుకున్నప్పుడు ఆదాయపు పన్ను విడిగా పడుతుంది. పిల్లల వంటి వారసులైతే చాలా సందర్భాల్లో పదేళ్లలోగా వారసత్వ ఐఆర్‌ఏ మొత్తాన్ని ఖాళీ చేయాలి. నామినీ పేరు నమోదు కానప్పుడు ఖాతా మృతుడి ఎస్టేటులో కలుస్తుంది, అప్పుడు అమెరికా న్యాయస్థానం ద్వారా దాన్ని విడిపించుకోవలసి రావచ్చు. అందువల్ల పెద్ద వయసులో తిరిగివచ్చినవారి విషయంలో ఏటా ఎంత తీయాలన్న లెక్కలో ఆదాయపు పన్ను శ్లాబులతో పాటు ఈ 60,000 డాలర్ల హద్దును కూడా సలహాదారులు చేరుస్తారు.